రెండు స్ట్రోకుల బండి కార్బురేటర్: లోపాలు, సవరణలు

ఇంజనులోకి పోయే గాలిలో తగిన పాళ్లలో పెట్రోలు కలిపే పరికరం కార్బురేటర్. రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్లలో దీని పని మరింత కీలకం. వీటిలో క్రాంకు గదికి అడుగున ఆయిలు నిల్వ ఉండదు. బేరింగులకు, పిస్టనుకు కావలసిన ఆయిలు పెట్రోలుతోనో, దాని వెంట లోపలికి పోయే గాలితోనో రావాలి. ట్యాంకులోనే ఆయిలు కలిపి పోసే బళ్లలో పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. అందుకే నాలుగు స్ట్రోకుల బండిలో పికప్ తగ్గడంతో సరిపోయే లోపం, రెండు స్ట్రోకుల బండిలో పిస్టన్ పట్టేయడం దాకా పోతుంది.

కార్బురేటర్‌కు సొంతంగా సర్దుకునే తెలివి లేదు. అందులో ఉన్నవి కొలిచి వేసిన రంధ్రాలు (జెట్లు), తేలే బుడ్డి ఒకటి (ఫ్లోట్), పైకీ కిందికీ కదిలే ఒక సూది (నీడిల్). గాలి వేడెక్కినా, దుమ్ము చేరినా, పెట్రోలు గుణం మారినా అవి మారవు. దాని మీద పడే నిందల్లో చాలా భాగం దాని చుట్టూ మారినవాటివే. మరమ్మతు పద్ధతి అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

నేపథ్యం

రెండు స్ట్రోకుల సూత్రంపై స్కాట్లాండు ఇంజనీరు డూగల్డ్ క్లార్క్ 1881లో పేటెంటు పొందాడు. క్రాంకు గదినే గాలి పంపుగా వాడుకునే సరళ రూపాన్ని 1891 ప్రాంతంలో ఇంగ్లండులో జోసెఫ్ డే రూపొందించాడు. నేటి చిన్న బళ్ల ఇంజన్లకు అదే మూలం. సన్నని రంధ్రం గుండా పెట్రోలును చిమ్మే కార్బురేటర్ 1893లో వచ్చింది. జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో డొనాట్ బాంకి, యానోష్ చోంకా వేర్వేరుగా దాన్ని తీర్చిదిద్దారు.

మట్టి దారుల్లో, గుట్టల్లో తిరగడానికి తేలిక బండి కావాలి. తక్కువ బరువుతో ఎక్కువ శక్తినిచ్చే రెండు స్ట్రోకుల ఇంజను దానికి సరిగ్గా అతికింది. 1968లో యమహా అమ్మకానికి పెట్టిన 250 సీసీ డీటీ-1 అమెరికాలో మట్టిదారి బళ్లను సామాన్యుల చేతికి తెచ్చింది. మోటోక్రాస్ పందేల్లో దశాబ్దాల పాటు ఈ ఇంజన్లదే పైచేయి.

దక్షిణ భారతంలో ఈ కథ వేరు. ఇక్కడ పందేల కోసమే తయారైన బళ్లు తక్కువ. మామూలు బళ్లే మట్టి దారి పని చేశాయి. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1960ల మొదట్లో జావా బళ్లను, 1973 నుంచి యెజ్డీ బళ్లను తయారుచేసింది. హోసూరులో 1980లో పుట్టిన టీవీఎస్ 50 మన దేశంలో ఇద్దరు కూర్చోగల తొలి మోపెడ్. అదే ఊళ్లో 1984 నుంచి ఇండ్-సుజుకీ 100 సీసీ బళ్లు వచ్చాయి. ఎస్కార్ట్స్ సంస్థ రాజ్‌దూత్ 175ను, 1985 నుంచి 1996 దాకా యమహా ఆర్‌ఎక్స్ 100ను తయారుచేసింది. 98 సీసీ ఇంజనుతో 11 హార్స్‌పవరు ఇచ్చిన ఆర్‌ఎక్స్ 100 కోసం ఇప్పటికీ వెతికి కొనేవాళ్లున్నారు.

చిత్తూరు–పలమనేరు రోడ్డు మీదున్న బంగారుపాళ్యం ఈ బళ్ల సంగతి చెప్పడానికి మంచి ఉదాహరణ. చెన్నై–బెంగళూరు దారిలో ఉన్న ఈ మండల కేంద్రం తోతాపురి మామిడికి పేరున్న సంత. తోటల నుంచి మండీకి, మండీ నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ తరలే రోజుల్లో ఇక్కడ ఏ బండీ ఖాళీగా ఉండదు. మామిడి లేని నెలల్లో పాల క్యాన్లు, పశువుల మేత, టమోటా పెట్టెలు. రాళ్లు తేలిన తోట దారుల్లో, మోయాల్సినదానికి మించిన బరువుతో నడిచే మోపెడ్ కార్బురేటర్‌కు పందెపు బండి కార్బురేటర్‌కు వచ్చే తిప్పలే వస్తాయి. పడమటికి పోతే మొగిలి ఘాటు. ఎక్కేటప్పుడు ఒక రకం పరీక్ష, దిగేటప్పుడు మరో రకం.

పనిచేసే తీరు

పిస్టన్ పైకి లేచినప్పుడు క్రాంకు గదిలో ఒత్తిడి తగ్గి బయటి గాలి కార్బురేటర్ గుండా లోపలికి పరుగెడుతుంది. గొట్టం సన్నబడిన చోట గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. ఆ లోటు కింది గిన్నెలోని పెట్రోలును జెట్టు గుండా పైకి లాగి తుంపరగా చేస్తుంది. గిన్నెలో పెట్రోలు మట్టాన్ని ఫ్లోట్ కాపాడుతుంది. మట్టం పెరిగితే అది తేలి, చిన్న సూది వాల్వును మూస్తుంది. తగ్గితే తెరుస్తుంది.

పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన దానికి 14.7 రెట్ల గాలి కావాలి. పూర్తి శక్తి అవసరమైనప్పుడు మిశ్రమం ఇంతకన్నా చిక్కగా, 12–13 రెట్ల దగ్గర ఉంటుంది. గాలి ఎక్కువైతే పలచన మిశ్రమం. పెట్రోలు ఎక్కువైతే చిక్కని మిశ్రమం. మొదటిది ఇంజనును కాలుస్తుంది. రెండోది ప్లగ్గును నల్లబరుస్తుంది, జేబును ఖాళీ చేస్తుంది.

యాక్సిలరేటర్ ఎంత తిప్పారన్న దాన్ని బట్టి కార్బురేటర్‌లో పని చేసే భాగం మారుతుంది. లోపం ఎక్కడుందో చెప్పే పటం ఇదే. ఐడిలింగ్ నుంచి ఎనిమిదో వంతు దాకా పైలట్ జెట్టు, ఏర్ స్క్రూ పనిచేస్తాయి. ఎనిమిదో వంతు నుంచి పావు దాకా, యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే స్లైడు అడుగున కోసిన వంపు మిశ్రమాన్ని నిర్ణయిస్తుంది. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకు వేలాడే నీడిల్‌ది పెత్తనం. ముప్పావు దాటితే మెయిన్ జెట్టు. ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదానిలోకి మరొకటి జారుతుంది. అయినా 'నిలబడి ఉన్నప్పుడు బాగుంది, సగం తిప్పితే ముక్కుతోంది' అని బండి యజమాని చెప్పగానే మెయిన్ జెట్టు జోలికి పోనక్కర్లేదని మెకానిక్కుకు తెలిసిపోతుంది.

చల్లని ఇంజను కోసం ఉన్నది చోక్. మికునీ వంటి స్లైడు కార్బురేటర్లలో ఇది గాలిని మూసే రేకు కాదు, అదనపు పెట్రోలును ఇచ్చే వేరే దారి. స్లైడు మూసి ఉంటేనే ఆ దారిలో లాగుడు ఉంటుంది. చోక్ ఎత్తి, యాక్సిలరేటర్ కూడా తిప్పుతూ కిక్కు కొట్టేవాళ్లు చోక్ ఫలితాన్ని తామే పోగొట్టుకుంటున్నారు.

విప్పకముందు చూడవలసినవి

రోడ్డు పక్క షెడ్డుకు వచ్చే ప్రతి పికప్ సమస్యకూ కార్బురేటరే కారణమని అనుకోవడం పరిపాటి. చాలాసార్లు అది నిజం కాదు. అనుభవమున్న మెకానిక్కు బయటి నుంచి లోపలికి వస్తాడు.

మొదటిది ట్యాంకు మూత. అందులోని గాలి రంధ్రం మట్టితో మూసుకుంటే ట్యాంకులో లాగుడు పుట్టి పెట్రోలు కిందికి దిగదు. బండి రెండు మూడు కిలోమీటర్లు బాగా నడిచి ఆగుతుంది. కాసేపు ఆగితే మళ్లీ నడుస్తుంది. ఆగిన చోటే మూత తెరిచి కిక్కు కొడితే అందుకుందంటే తప్పు మూతది. రెండోది పెట్రోలు కాకు, దాని జల్లెడ. పాత ట్యాంకుల అడుగున తుప్పు, మడ్డి చేరతాయి. రిజర్వుకు తిప్పగానే ఆ మడ్డి కిందికి వస్తుంది. పైపు ఊడదీసి పెట్రోలు ధార చూస్తే సంగతి తేలుతుంది.

మూడోది ఏర్ ఫిల్టరు. ఎర్రమట్టి దుమ్ము ఫిల్టరును మూసేస్తే మిశ్రమం చిక్కబడుతుంది. ఫిల్టరు చిరిగితే మిశ్రమం పలచబడటమే కాక దుమ్ము సిలిండరు గోడలను అరగదీస్తుంది. ఫిల్టరు తీసేసి నడపడం ఈ రెండో జబ్బును కోరి తెచ్చుకోవడమే. నాలుగోది స్పార్కు ప్లగ్గు. మంచి మిశ్రమం ఉన్న ఇంజనులో ప్లగ్గు పింగాణీ కాఫీ రంగులో ఉంటుంది. తడి నలుపు చిక్కదనానికి, ఎక్కువ ఆయిలుకు, బలహీనమైన స్పార్కుకు గుర్తు. సున్నంలా తెల్లబడితే పలచదనం, అతివేడి.

ఐదోది సైలెన్సరు. రెండు స్ట్రోకుల బళ్లలో కాలని ఆయిలు మసిగా మారి సైలెన్సరునూ సిలిండరు పొగ ద్వారాన్నీ మూసేస్తుంది. పొగ పోయే దారి లేకపోతే కొత్త గాలి వచ్చే దారీ ఉండదు. ఇలాంటి బండికి ఎన్ని జెట్లు మార్చినా లాభం లేదు. మసి గీకించడమే మందు.

ప్రధాన లోపాలు

పెట్రోలు పొంగడం: బండి స్టాండు వేసి ఉండగానే ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోలు కారుతుంది. ఫ్లోట్ వాల్వు సూది కూర్చునే చోట నలుసు పడటం, సూది మొన అరగడం, ఫ్లోట్‌కు చిల్లు పడి మునిగిపోవడం దీనికి కారణాలు. ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు చప్పుడు వినిపిస్తుంది. కంపెనీ చెప్పిన ఎత్తులో ఫ్లోట్ లేకపోయినా పొంగుతుంది. ఇది పెట్రోలు దండుగతో పోదు. ఆగి ఉన్న బండిలో క్రాంకు గది నిండిపోతే మరునాడు కిక్కు దిగదు.

పెట్రోలు అందకపోవడం: పైలట్ జెట్టు రంధ్రం చాలా సన్నం. నెలల తరబడి బండి నడవకపోతే గిన్నెలోని పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు మొదట మూసేది దాన్నే. అలాంటి బండి చోక్ మీద నడుస్తుంది, చోక్ దించగానే ఆగిపోతుంది. ఇది పైలట్ జెట్టు మూసుకుందనడానికి నమ్మదగిన ఆనవాలు.

నీళ్లు చేరడం: వాన నీళ్లో, వాగు దాటినప్పుడు వచ్చిన నీళ్లో పెట్రోలు కన్నా బరువు కాబట్టి గిన్నె అడుగున చేరతాయి. జెట్లు అక్కడి నుంచే తాగుతాయి. గిన్నె అడుగు స్క్రూ విప్పి కిందికి వదిలిన పెట్రోలును గాజు పాత్రలో చూస్తే నీటి బొట్లు పూసల్లా విడిగా కనిపిస్తాయి.

దొంగ గాలి: కార్బురేటర్ దాటాక లోపలికి చొరబడే గాలి అన్నిటికన్నా ప్రమాదం. పగిలిన రబ్బరు మానిఫోల్డు, వంగిన ఫ్లాంజీ, చెడిన ప్యాకింగు, మాగ్నెట్ వైపు క్రాంకు ఆయిలు సీలు, వీటిలో ఏదైనా దారి కావచ్చు. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వేగం వెంటనే తగ్గకపోవడం, ఏర్ స్క్రూకు స్పందించకపోవడం దీని లక్షణాలు. క్లచ్ వైపు సీలు పోతే గేరు బాక్సు ఆయిలు లోపలికి లాగబడి తెల్ల పొగ వస్తుంది, గేరాయిలు మట్టం తగ్గుతుంది. సీళ్లను నిర్ధారించడానికి గాలి పీల్చే, పొగ వదిలే ద్వారాలు మూసి, లోపలికి చేతి పంపుతో 6 పీఎస్ఐ ఒత్తిడి ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్లు పూస్తారు. బుడగ లేచిన చోటే లోపం. నడుస్తున్న వేడి ఇంజను మీద పెట్రోలు చల్లి పరీక్షించడం నిప్పుతో చెలగాటం.

అరుగుదల: ఏళ్ల తరబడి కంపనంతో స్లైడు, నీడిల్, నీడిల్ జెట్టు అరుగుతాయి. నీడిల్ జెట్టు గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారానికి మారితే సగం యాక్సిలరేటర్ దగ్గర ఎప్పుడూ చిక్కదనమే. దీన్ని నీడిల్ క్లిప్పు గాడి మార్చి దాచవచ్చు గానీ నయం చేయలేం. నీడిల్, నీడిల్ జెట్టు రెండూ కలిపి మార్చాలి.

విప్పి శుభ్రం చేయడం

కాకు మూసి, గిన్నె ఖాళీ చేసి, కార్బురేటర్ బయటి మట్టి కడిగాకే విప్పడం మొదలుపెట్టాలి. లేకుంటే బయటి మట్టి లోపలికి పోతుంది. ఏర్ స్క్రూ విప్పే ముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోవాలి. నీడిల్ క్లిప్పు ఏ గాడిలో ఉందో కూడా అంతే. ఈ రెండు లెక్కలు పోతే బండి పాత స్థితికి దారి దొరకదు.

జెట్లు మెత్తని ఇత్తడివి. క్లచ్ కేబుల్ తీగతో పొడిచి శుభ్రం చేయడం షెడ్లలో మామూలే గానీ, ఒక్క గీత పడినా రంధ్రం కొలత మారిపోతుంది. కార్బురేటర్ క్లీనరులోనో తాజా పెట్రోలులోనో నానబెట్టి, గాలి పంపుతో ఊది, వెలుతురుకు పట్టి చూడాలి. రంధ్రం అవతల గుండ్రని వెలుగు కనిపించాలి. క్లీనరు రసాయనం రబ్బరు ముక్కలను ఉబ్బిస్తుంది కాబట్టి ఓరింగులు, ఫ్లోట్ సూది ముందే తీసి పక్కన పెట్టాలి. ఫ్లోట్ బిగించి ఉండగా గట్టిగా గాలి కొడితే అది నలిగిపోవచ్చు. పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతూ పోయి దూరాన ఉన్న మంటను కూడా అందుకుంటుంది. గాలి ఆడే చోట, బీడీకీ స్టవ్వుకూ దూరంగా ఈ పని జరగాలి.

ట్యూనింగ్

ఇంజను బాగా వేడెక్కాకే ట్యూనింగ్. ఐడిలింగ్ స్క్రూతో ఇంజను ఆగకుండా ఉంచి, ఏర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఏ స్థానంలో ఇంజను వేగంగా, నిలకడగా తిరుగుతుందో పట్టుకుంటారు. చాలా బళ్లలో అది మూసిన స్థితి నుంచి ఒకటి, రెండున్నర చుట్ల మధ్య దొరుకుతుంది. ఇది ఫిల్టరు వైపు ఉండే ఏర్ స్క్రూ సంగతి. దీన్ని లోపలికి తిప్పితే చిక్కదనం. రెండున్నర చుట్లు దాటినా ఇంకా విప్పమంటుంటే పైలట్ జెట్టు పెద్దదని, అర చుట్టుకే మంచి స్థానం వస్తే చిన్నదని అర్థం.

నీడిల్‌కు సాధారణంగా ఐదు గాళ్లుంటాయి. క్లిప్పును కింది గాడికి దించితే సూది పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. పై గాడికి మారిస్తే పలచబడుతుంది. మెయిన్ జెట్టు అంకె పెరిగితే పెట్రోలు పెరుగుతుంది. కీహిన్ జెట్ల అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. మికునీ షడ్భుజి జెట్ల అంకె ప్రవాహాన్ని చెబుతుంది. రెండు కంపెనీల అంకెలను పోల్చి మార్చుకోవడం పొరపాటు.

చిక్కదనమో పలచదనమో తేల్చడానికి ఒక చిట్కా ఉంది. నడుస్తున్న బండికి ముక్కే చోట చోక్ కొంచెం ఎత్తితే మెరుగైందంటే మిశ్రమం పలచన. ఇంకా ముక్కితే చిక్కన. మరో పద్ధతిలో కాకు మూసి నడుపుతారు. గిన్నెలో మట్టం తగ్గుతూ పోగా, ఆగేముందు బండి హుషారుగా లాగితే అది ఇంతదాకా చిక్కగా నడిచినట్టే. ఏ మార్పయినా ఒకసారికి ఒకటే చేయాలి. మెయిన్ జెట్టును ఎప్పుడూ చిక్కన వైపు నుంచి మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి. పలచన వైపు నుంచి మొదలుపెట్టినవాడికి తప్పు తెలిసేసరికి పిస్టన్ పట్టేసి ఉంటుంది.

ఆయిలు పాలు కూడా ఇందులో భాగమే. 1:50 అంటే లీటరుకు 20 మి.లీ., 1:25 అంటే 40 మి.లీ. భయంతో ఆయిలు ఎక్కువ పోస్తే ఇంజనుకు మేలు చేశామనుకుంటారు. నిజానికి జెట్టు గుండా పోయే ద్రవంలో ఆయిలు పెరిగినంతా పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది. ఈ కొలత తిప్పలు తప్పించడానికే యమహా 1964లో విడిగా పంపుతో ఆయిలు అందించే ఆటోలూబ్ పద్ధతిని తెచ్చింది.

ఎండ, ఎత్తు, ఘాటు

గాలి పలచబడితే అదే జెట్టు మిశ్రమాన్ని చిక్కన చేస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి సాంద్రత ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. పలమనేరు చిత్తూరు కన్నా మూడు, నాలుగు వందల మీటర్ల ఎత్తులో ఉంది. అంటే తేడా మూడు, నాలుగు శాతం. ఎండ లెక్క ఇంతకన్నా పెద్దది. 15 డిగ్రీల జనవరి వేకువ గాలితో పోలిస్తే 40 డిగ్రీల మే మధ్యాహ్నపు గాలి దాదాపు ఎనిమిది శాతం పలచన. బంగారుపాళ్యం బండికి ఘాటు ఎక్కడం కన్నా కాలం మారడమే పెద్ద ఎత్తు. ఎండాకాలంలో సరిచేసిన కార్బురేటర్ చలికాలపు తెల్లవారుజామున పలచన కావడం, 'నిన్న బాగుంది, ఈరోజు ఎత్తుకోలేదు' అనే మాటకు ఒక కారణం. రోజువారీ బండికి ఏర్ స్క్రూలో పావు, అర చుట్టు మార్పు చాలు. పందెపు బండికి మెయిన్ జెట్టు కూడా మార్చుకుంటారు.

ఘాటు దిగేటప్పుడు మరో చిక్కు. ఆయిలు కలిపిన పెట్రోలుతో నడిచే బండిలో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, గేరులోనే కిలోమీటర్ల కొద్దీ జారితే ఇంజను వేగంగా తిరుగుతుంది గానీ పెట్రోలు, దానితో ఆయిలు దాదాపు అందవు. పాత డ్రైవర్లు పల్లంలో నడుమనడుమ యాక్సిలరేటర్‌ను ఒకసారి తిప్పి వదలడం ఊరికే కాదు. పిస్టనుకు ఒక గుక్క ఆయిలు అందించడం అది.

ఇథనాల్ పెట్రోలు

20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు అమ్మకాలు దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ కలిగి ఉంటుంది. పూర్తిగా మండటానికి దానికి 9 రెట్ల గాలి చాలు. అందుకే పాత జెట్లతో నడిచే బండిలో ఇ20 పోస్తే మిశ్రమం కొన్ని శాతాలు పలచబడుతుంది. నీడిల్‌ను ఒక గాడి పైకెత్తడమో, మెయిన్ జెట్టును ఒక మెట్టు పెంచడమో అవసరం కావచ్చు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే అడుగున వేరుపడుతుంది. పాతకాలపు రబ్బరు ముక్కలు ఉబ్బుతాయి, జింకు గిన్నెలో తెల్లటి పొడి పేరుకుంటుంది. ఎక్కువ రోజులు ఆపే బండికి కాకు మూసి, గిన్నె ఖాళీ చేసి పెట్టడం ఇప్పుడు మునుపటికన్నా అవసరం.

నేటి స్థితి

కాలుష్య నిబంధనలు బిగిసే కొద్దీ రెండు స్ట్రోకుల బళ్లు షోరూములు వదిలాయి. 2015లో టీవీఎస్ నాలుగు స్ట్రోకుల ఎక్స్‌ఎల్ 100ను తెచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన భారత్ స్టేజ్ 6తో కొత్త మోటారు సైకిళ్లలో కార్బురేటర్ స్థానాన్ని ఇంధన ఇంజెక్షన్ దాదాపుగా ఆక్రమించింది. పందెపు బళ్లలోనూ మార్పు వచ్చింది. కేటీఎం 2017లో ఇంజెక్షన్ ఉన్న రెండు స్ట్రోకుల ఎండ్యూరో బళ్లను ప్రకటించింది. యమహా మాత్రం 2022లో కొత్తగా దిద్దిన వైజెడ్ 125లోనూ కీహిన్ కార్బురేటర్‌నే వాడింది.

ఇంజెక్షన్ బండిలో గాలి ఒత్తిడిని, వేడిని సెన్సర్లు కొలిస్తే, ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరు క్షణక్షణం లెక్కగడుతుంది. కార్బురేటర్ బండిలో ఆ లెక్క మనిషి చేయాలి. మామిడి తోటల్లో ఇంకా తిరుగుతున్న పాత మోపెడ్‌కు సెన్సరు అంటే దాని యజమాని చెవి, ప్లగ్గు రంగు చూసే కన్ను, ఏర్ స్క్రూను పావు చుట్టు తిప్పి ఆగగలిగిన చెయ్యి.